మొత్తం ఎంతో గేటు బయటే చెప్పండి

తెలుగు రాష్ట్రాల్లో థీమ్ పార్కులు, వాటర్ పార్కులు నడుపుతున్న యాజమాన్యాలకు,



పోయిన వేసవిలో మీ గేట్లలో ఒకదాని దగ్గర, ఎత్తు కొలిచే కర్ర ముందు మా అమ్మాయి మోకాళ్లు కొంచెం వంచి నిలబడింది. పదకొండేళ్ల పిల్ల. మార్చిలో టికెట్లు కొనేటప్పుడు ఇంట్లో తలుపుకు ఆనించి టేపుతో కొలిచాం. చిన్నపిల్లల టికెట్ సరిపోతుందని చూసుకున్నాకే డబ్బు కట్టాం. మే నెల వచ్చేసరికి పిల్ల పెరిగింది. ఆ వయసు ఆడపిల్లలు కళ్ల ముందే పెరుగుతారు. కర్ర మీది ఎర్రగీత కన్నా దాని తల ఒక వేలిమందం పైకి ఉంది. "పెద్ద టికెట్ పడుతుంది మేడమ్, తేడా కట్టాలి" అన్నాడు అక్కడి అబ్బాయి. పిల్ల నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, జర వంగి నిలబడనా?" అని అడిగింది.

కట్టింది 236 రూపాయలు. టికెట్‌లో తేడా 200, దాని మీద జీఎస్టీ 36. మా ఆయన మారుమాట లేకుండా తీసి ఇచ్చారు. ఆ డబ్బు కోసం ఈ లేఖ రాయడం లేదు. లోపలికి వెళ్లాక గంటసేపు ఆ పిల్ల "నా వల్లే కదా డాడీ" అంటూనే ఉంది. పెరగడం తప్పన్నట్టు. బిడ్డ ఎదిగిందని మురిసిపోవాల్సిన చోట ఆ బిడ్డకు సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఆ పార్కు పేరు రాయను. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాటిలో ఒకటి, అంతే. ఒక్కరి మీద ఫిర్యాదు చేస్తే ఒక్కరు సంజాయిషీ ఇస్తారు, విషయం అక్కడితో ముగుస్తుంది. నేను అడగబోయేది మీ అందరినీ.

మాది సూర్యాపేట. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయనకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ, మేమిద్దరం, మొత్తం ఐదుగురం. పార్కుకు వెళ్లాలన్న మాట మా ఇంట్లో పుట్టింది ఆ ముందటి దసరాకు. మా బాబు పక్కింటి పిల్లల ఫోన్లో వీడియో చూసి వచ్చి ఆ రాత్రే గల్లగురిగిలో పది రూపాయల బిళ్ల వేశాడు. అప్పటి నుంచి ఇంటికి వచ్చిన చుట్టాలు చేతిలో పెట్టిన నోట్లన్నీ అందులోకే పోయాయి. ఉగాదికి పగలగొట్టి లెక్కపెడితే 1,870 రూపాయలు వచ్చాయి. మిగతాది నేను చీటీ ఎత్తినప్పుడు పక్కన పెట్టినది. అంతా కలిపి 8,500లో పోయి రావాలని అనుకున్నాం.

ఇలాంటి ఇళ్లు రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నాయి. మాకు పార్కు అంటే ఏదో ఒక ఆదివారం అనుకుని వెళ్లేది కాదు. ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి. ఆరు నెలలు దాని గురించి మాట్లాడుకుంటాం, వచ్చాక మరో ఆరు నెలలు మాట్లాడుకుంటాం. అలా వచ్చేవాళ్లకు లెక్క తప్పితే ఎలా ఉంటుందో మీకు తెలియాలి.

ముందు బుకింగ్ సంగతి చెబుతాను. ఫోన్లో పేజీ తెరవగానే పెద్ద అక్షరాల్లో కనిపించిన అంకె 1,100. పెద్దవాళ్లకు అది, పిల్లలకు 900. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలకు 5,100 అవుతుందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. తర్వాతి పేజీలో జీఎస్టీ 918 కలిసింది. 6,018. ఆ తర్వాతి పేజీలో సౌకర్య రుసుము పేరుతో 120. 6,138. అప్పటికే పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ కొట్టి ఉన్నాను. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి అంకె 7,633 అయింది. ఎక్కడ పెరిగిందో అర్థం కాలేదు. వెనక్కి వెళ్లి ఒక్కో గీతా చదివితే, మనిషికి 299 చొప్పున ఐదుగురికీ భోజనం కూపన్లు చేరి ఉన్నాయి. నేను నొక్కలేదు. ముందే టిక్కు పెట్టి ఉంది. తీసేశాను. లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి ఆగి చూశాను. మా షాపులో పనిచేసే అబ్బాయి అయితే అది పార్కు రేటే అనుకుని కట్టేసేవాడు.

దీనికి చట్టం దగ్గర పేరుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఆన్‌లైన్లో కొనేవాళ్లను పక్కదోవ పట్టించే పదమూడు పద్ధతులను అందులో లెక్కగట్టి, చేయకూడదని చెప్పింది. ముందు ఒక ధర చూపించి చివరిదాకా కొంచెం కొంచెం కలుపుతూ పోవడాన్ని డ్రిప్ ప్రైసింగ్ అన్నారు. కొనేవాడికి చెప్పకుండా బుట్టలో ఇంకో వస్తువు వేయడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అన్నారు. అలా జరిగితే 1915కు ఫోన్ చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను చేయలేదు. మీరే ఆ పేజీ మార్చుకుంటే ఆ ఫోన్ ఎవరూ చేయనక్కర్లేదు.

జీఎస్టీ మీరు జేబులో వేసుకునేది కాదని నాకు తెలుసు. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు పార్కు టికెట్ మీద 28 శాతం ఉండేది. 2018 జనవరిలో 18కి తగ్గించారు. ప్రభుత్వానికి పోయేది ప్రభుత్వానికే పోతుంది. కానీ అది ఎవరికి ఎంత పడుతుందో మీకు ముందే తెలుసు కదా! 1,100 అన్న చోటే 1,298 అని రాయడానికి అడ్డం ఏమిటి? కిరాణా కొట్లో బిస్కెట్ పుడా మీద పన్నులన్నీ కలిపిన ధరే ఉంటుంది. అయిదు రూపాయల పుడాకు ఉన్న నియమం వెయ్యి రూపాయల టికెట్‌కు ఉంటే తప్పేముంది?

మీరు రేటు తగ్గించాలని నేను అడగడం లేదు. ఒక్కో రైడ్ కొనడానికి కోట్లు పెడతారు. ప్రతి పొద్దున గేటు తీయకముందే బోల్టు బోల్టు చూసుకుంటారు. కరెంటు, నీటిశుద్ధి, ఈతకొలనుల దగ్గర నిలబడే లైఫ్‌గార్డులు, ఇవన్నీ ఖర్చే. వానొస్తే ఆ రోజు ఆదాయం పోతుంది. మా ఆయన మోటార్లు చుట్టే మనిషి కాబట్టి అక్కడ తిరుగుతున్న ప్రతి యంత్రం దగ్గరా ఆగి, దీనికి ఎన్ని హార్స్‌పవర్ల మోటార్ ఉంటుందో పిల్లలకు చెబుతూనే ఉన్నారు. భద్రత కోసం పెట్టే ఒక్క రూపాయి కూడా తగ్గించుకోమని ఏ తల్లీ అడగదు. నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు గడవడానికి మొత్తం ఎంతవుతుందో ఇంటి దగ్గర ఉన్నప్పుడే తెలియాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ నొప్పి తగిలిన చోటు చెబుతాను. అది భోజనం.

అంతకుముందు రాత్రి మేం వనస్థలిపురంలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాం. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అత్తమ్మ పులిహోర కలిపింది. చింతపండు గుజ్జు సూర్యాపేటలోనే తయారుచేసి సీసాలో తెచ్చుకుంది. పల్లీలు, ఎండుమిరపకాయలు వేయించి, టిఫిన్ గిన్నె మూడు అరల్లో పులిహోర, నాలుగో అరలో పెరుగన్నం సర్దింది. పిల్లలకు మురుకులు వేరే డబ్బాలో. ఆమెకు షుగర్ ఉంది. పొద్దున మాత్ర వేసుకున్నాక పన్నెండు దాటకుండా తినాలి. గేటు దగ్గర సంచులు విప్పి చూశారు. అక్కడున్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "బయటి తిండి లోపలికి రానివ్వం అమ్మా, ఇక్కడ పెట్టి వెళ్లండి, సాయంత్రం తీసుకోండి" అంది. అక్కడ బల్ల మీద అప్పటికే పదిహేను ఇరవై సంచులున్నాయి. స్టీలు గిన్నెలు, పాలిథిన్ కవర్లో చపాతీలు, ఎవరిదో అరటిపళ్ల గెల. మే నెల ఎండలో సాయంత్రం దాకా పెరుగన్నం అక్కడ ఉంటే ఏమవుతుంది?

అత్తమ్మ ఆ టిఫిన్ గిన్నెను వదల్లేదు. "పొండ్రి బిడ్డా, నేనీడ కూసుంట. నాకా గిరగిర తిరిగేటివి ఎందుకు?" అని గేటు పక్కన కానుగ చెట్టు కింద అరుగు మీద కూర్చుంది. 1,298 రూపాయలు పెట్టి కొన్న టికెట్ ఆమె చేతిలోనే ఉంది. పన్నెండు కాకముందే నేను బయటికి వెళ్లి ఆమెతో కూర్చుని తిందామనుకున్నాను. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి పంపరట. గేటు చువ్వల అవతల ఆమె, ఇవతల నేను నిలబడి మాట్లాడుకున్నాం. ఆమె ఒక్కతే తిన్నది. పిల్లలు లోపల 1,650 రూపాయల బిర్యానీ, నూడుల్స్ తిన్నారు. అవి బాగోలేవని అనను, బాగానే ఉన్నాయి. కానీ ఆ పులిహోర వాళ్ల కోసం నాలుగింటికి లేచి కలిపింది.

సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఇచ్చిన తీర్పు గురించి మీ న్యాయవాదులు మీకు చెప్పే ఉంటారు. బయటి తిండి రానివ్వాలా వద్దా అన్నది సినిమా హాలు వాళ్ల ఇష్టమని ఆ తీర్పు. మంచినీళ్లు మాత్రం అందరికీ ఉచితంగా ఇవ్వాలని, చంటిపిల్లల తిండి అడ్డుకోకూడదని కూడా అందులో ఉంది. అది సినిమా హాళ్ల గురించిన తీర్పు. రెండున్నర గంటల సినిమాకు తిండి లేకపోయినా గడుస్తుంది. మీ దగ్గర పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎండలో, నీళ్లలో ఉంటాం. మధ్యలో ఒక పూట భోజనం ఉంటుంది. షుగర్ మనిషికి అది ఆలస్యమైతే కళ్లు తిరుగుతాయి. హక్కు మీదే కావచ్చు. ఆ హక్కును ఎలా వాడుకోవాలన్నది మీ చేతుల్లో ఉంది.

లోపల తిననివ్వడం కుదరదంటే ఒక దారి చెబుతాను. గేటు బయట ఒక రేకుల షెడ్డు వేయండి. నాలుగు ఫ్యాన్లు, కొన్ని బల్లలు, ఒక నల్లా, చెత్తబుట్టలు. తినడానికి వచ్చేవాళ్ల మణికట్టు మీద ముద్ర కొట్టి పంపండి, మళ్లీ రానివ్వండి. కావాలంటే ఆ షెడ్డుకు మనిషికి ఇరవై రూపాయలు తీసుకోండి, ఇస్తాం. మా చిన్నప్పుడు హైదరాబాద్ జూపార్కుకు స్కూలు వాళ్లు తీసుకెళ్లేవారు. ఇప్పటికీ నాకు పులి గుర్తులేదు గానీ, చెట్టు కింద అందరం సద్దులు విప్పి ఒకరివి ఒకరం తిన్నది గుర్తుంది.

పెద్దవాళ్ల టికెట్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. మా అత్తమ్మ ఏ రైడూ ఎక్కదు. నీళ్లలో దిగదు. మనవలు అరుస్తుంటే కింద నిలబడి చూడాలని వచ్చింది. అలాంటి మనిషికీ, రోలర్ కోస్టర్ పదిసార్లు ఎక్కే కుర్రాడికీ ఒకటే టికెట్ ఎందుకు?

మాకు పెద్దగట్టు జాతర ఉంది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల జాతర. అక్కడ రంగులరాట్నం, జెయింట్ వీల్ అన్నీ వస్తాయి. ఎక్కినవాడే డబ్బిస్తాడు. నిలబడి చూసే అమ్మమ్మ దగ్గర ఎవరూ చేయి చాపరు. హైదరాబాద్ నాంపల్లిలో 1938 నుంచి జరుగుతున్న నుమాయిష్ ఎగ్జిబిషన్‌లోనూ దాదాపు అంతే. లోపలికి చిన్న టికెట్, ఆడుకునేవాటికి విడిగా. ఇది మన జాతరల అలవాటు మాత్రమే అనుకోకండి. అమెరికాలో 1955 జూలైలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు కూడా ప్రవేశానికి ఒకటి, రైడ్లకు ఒకటి, విడివిడిగానే తీసుకున్నారు. ఆ తర్వాత ఏ, బీ, సీ అంటూ కూపన్ల పుస్తకాలు అమ్మేవారు. అన్నీ కలిపి ఒకే టికెట్ అన్న పద్ధతి అక్కడ పూర్తిగా స్థిరపడింది 1982లో. ఒకే టికెట్ వల్ల లాభం ఉందని ఒప్పుకుంటాను. ప్రతి రైడ్ దగ్గరా పిల్లలు చేయి పట్టి గుంజుతుంటే పర్సు తీయాల్సిన పని లేదు. మా బాబు తనకు నచ్చిన పడవ ఆట ఆరుసార్లు ఎక్కాడు, ఆరుసార్లకూ నేను లెక్క వేసుకోలేదు. ఆ నిశ్చింతకు విలువుంది. దాన్ని తీసేయమనడం లేదు. దాని పక్కనే, చూడటానికి మాత్రమే వచ్చే పెద్దవాళ్లకు ఒక టికెట్ పెట్టండి. చేతికి వేరే రంగు పట్టీ కట్టండి. ఇంట్లో పెద్దదిక్కును వదిలేసి రాలేక ప్రయాణమే మానుకునే ఇళ్లు నాకు తెలుసు.

ఇక ఆ ఎత్తు గీతల సంగతి. అమ్మాయి గీత దాటినందుకు డబ్బు కట్టాం. మధ్యాహ్నం బాబు ఒక రైడ్ కోసం నలభై నిమిషాలు వరసలో నిలబడి, ముందుకొచ్చాక ఇంకో గీత అందక వెనక్కి వచ్చాడు. అది భద్రత కోసం పెట్టిన గీత. దాని విషయంలో ఒక్క మాట కూడా అనను, బెల్టు జారితే ఏమవుతుందో నేను ఊహించగలను. కానీ వరస మొదట్లోనే ఆ కొలత కర్ర ఉంటే నలభై నిమిషాలు పోయేవి కావు, వాడు అంతమంది ముందు ఏడ్చేవాడు కాదు. ఏ రైడ్‌కు ఎంత ఎత్తుండాలో అంతా ఒకే కాగితం మీద, తెలుగులో, టికెట్ కొనే పేజీలోనే పెట్టండి. పిల్లలను తలుపుకు ఆనించి కొలిచి, "నువ్వు ఇవి ఎక్కగలవు, ఇవి వచ్చే ఏడు" అని ఇంట్లోనే చెప్పుకుంటాం. టికెట్ కోసం కొలిచే గీతకైతే ఒక మినహాయింపు అడుగుతున్నాను. బుకింగ్ నాటికి చిన్నపిల్లల టికెట్ కొన్న బిడ్డ, వచ్చేనాటికి రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితే చూసీచూడనట్టు పంపండి. చెప్పులు విప్పించి కొలవండి. ఆ రోజు మా అమ్మాయి కాళ్లకు మందపాటి అడుగున్న చెప్పులే ఉన్నాయి.

బట్టల విషయం క్లుప్తంగా చెబుతాను. నూలు బట్టలతో కొలనులోకి దిగనివ్వరని నాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. దారప్పోగులు నీళ్లు వడపోసే యంత్రాల్లో చిక్కుకుంటాయట. కారణం సబబుగానే ఉంది. కానీ నేనూ, అమ్మాయీ కాటన్ చుడీదార్లతోనే వెళ్లాం. అద్దెకు రెండు జతలు, 300. సూర్యాపేటలో ఆ డబ్బుకు సింథటిక్ లెగ్గింగు, పొడుగు చేతుల చొక్కా కొనుక్కునేదాన్ని, రేపు మళ్లీ పనికొచ్చేవి. టికెట్ మెసేజ్‌లోనే ఒక వాక్యం రాస్తే చాలు.

ఇక ప్రయాణం, దానితో ముడిపడ్డ తారీకు గొడవ. మేం సూర్యాపేట నుంచి వచ్చేవాళ్లం, మాకు బస్సు చాలు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో అదే వచ్చింది. ఆధార్ చూపించి అత్తమ్మ, నేను, అమ్మాయి జీరో టికెట్ల మీద వచ్చాం. మా ఆయనకు, బాబుకు రానుపోను కలిపి ఆరు వందలు అయింది. సూపర్ లగ్జరీ ఎక్కితే ఇది కుదరదని, ఎక్స్‌ప్రెస్ కోసం గంట ఆగాం. విజయవాడ హైవే మీద ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీకైతే మా వైపు వాళ్లు హైదరాబాద్ ఊళ్లోకి వెళ్లకుండా దారిలోనే దిగిపోవచ్చు, ఇంకా కలిసొస్తుంది. ఇదివరకు ఇలాంటి ప్రయాణంలో సగం డబ్బు దారి ఖర్చుకే పోయేది. ఇప్పుడు ప్రభుత్వాలు దారి ఖర్చు తగ్గించాయి. మిగిలిన ఖర్చంతా మీ గేటు లోపలే ఉంది. కాబట్టి మా ఊళ్ల నుంచి మీ దగ్గరికి ఇంకా ఎక్కువమంది రాగలిగేది ఇప్పుడే.

శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చేవాళ్ల సంగతి వేరు. రైలు రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు కుదించారు. వేసవి సెలవుల్లో బెర్తు దొరకాలంటే ఆ అరవయ్యో రోజు పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బెర్తు అడిగితే పూర్తి చార్జీ, పక్కన సర్దుకుంటే సగం. రాత్రికి గది తీసుకుంటే ఒక ఊరట ఉంది. 7,500 లోపు గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కు తగ్గింది. ఇంత లెక్క వేసుకుని, రైలుకు సరిపోయేలా మీ టికెట్ కూడా రెండు నెలల ముందే కొంటారు. సరిగ్గా బయల్దేరే రోజు పిల్లవాడికి జ్వరం వస్తే? రైలు టికెట్ గడువులోగా రద్దు చేస్తే ఎంతో కొంత వెనక్కి వస్తుంది. మీలో కొందరి టికెట్ మీద మాత్రం డబ్బు వాపసు లేదు, తారీకు మార్పు లేదు అని రాసి ఉంటుంది. డబ్బు తిరిగి ఇవ్వమని అడగను. ఒక్కసారి తారీకు మార్చుకోనివ్వండి. ఆరు నెలల్లోగా ఎప్పుడైనా అనండి, కావాలంటే వంద రూపాయలు తీసుకోండి. డబ్బు మీ దగ్గరే ఉంటుంది, మనుషులు తప్పకుండా వస్తారు.

రద్దీ రోజుల్లో రేటు పెంచుతారు, మామూలు రోజుల్లో తగ్గిస్తారు. వ్యాపారంలో అది మామూలే. కానీ టీచరుగా నాకు కనిపించేది ఒకటుంది. మీ తక్కువ రేటు ఉండే మంగళ, బుధవారాల్లో మా పిల్లలు బడిలో ఉంటారు. బడి లేని ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, దసరా, సంక్రాంతి సెలవుల్లో మీ ఎక్కువ రేటు నడుస్తుంది. జీతాలు ఎక్కువున్నవాళ్లు ఒక రోజు బడి మాన్పించి తీసుకురాగలరు, లేదా ఎక్కువ రేటే కట్టగలరు. హాజరు పోతే ఊరుకోని బడుల పిల్లలకు ఆ రెండూ లేవు. సెలవుల్లో వారానికి ఒక్క రోజు, ఏ బుధవారమో, మామూలు రేటుకే ఉంచండి. ఆ రోజు రైడ్ల దగ్గర డబ్బు కట్టి ముందుకు వెళ్లే ఫాస్ట్ ట్రాక్ వరస కూడా ఆపండి. మా బాబు ఆ రెండో వరసను చూసి, "వాళ్లెందుకు ముందుపోతున్నరు?" అని నాలుగుసార్లు అడిగాడు. జవాబు చెప్పాను, వాడికి నచ్చలేదు.

ఆ రోజు ఖర్చు మొత్తం 10,014 రూపాయలు. అనుకున్నదాని కన్నా 1,514 ఎక్కువ. సరిగ్గా నా చీటీ ఒక నెల వాయిదా. ఆ వాయిదా మా ఆడపడుచు కట్టింది, జూన్‌లో బడి తెరిచాక తీర్చాను. అంత పెట్టినందుకు బాధ లేదు. సాయంత్రం అలల కొలనులో సైరన్ మోగగానే వందలమంది ఒక్కసారి కేకపెట్టినప్పుడు, మా ఆయన బాబును భుజాల మీద ఎక్కించుకుని నీళ్లకు ఎదురు నిలబడ్డారు. పెళ్లయి పద్నాలుగేళ్లయింది, ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. మీరు అమ్మేది అదే. అది ఖరీదైనదే, అయినా కొనాలనుకుంటాం. అది కొంటున్న రోజు సంచిలో చేయి పెట్టి నోట్లు లెక్కపెట్టుకుంటూ తిరగకుండా ఉండాలని మాత్రమే మా కోరిక.

అందుకు మీ పేజీలో ఒక చోటు చాలు. ఎంతమంది పెద్దలు, పిల్లల ఎత్తెంత, ఏ తారీకు, భోజనం లోపలా బయటా, లాకర్ కావాలా, బట్టలు అద్దెకా సొంతమా. ఇవి నింపగానే కింద ఒక్క అంకె రావాలి, పన్నులు, రుసుములు అన్నీ కలిపి. ఆ రోజుకు ఏ రైడ్ మరమ్మతులో ఉందో తెలిస్తే అదీ రాయండి. నా దగ్గర ఆరో తరగతి చదివే పిల్లలు ఆ లెక్క చేయగలరు.

మా ఇంటి తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు రెండు వరసలుగా ఉన్నాయి, అమ్మాయివి ఎడమ వైపు, బాబువి కుడి వైపు. నిన్న రాత్రి మళ్లీ కొలిచాను. కొత్త గల్లగురిగి అటక మీద ఉంది, ఊపితే గట్టిగానే చప్పుడవుతోంది. అత్తమ్మ ఈసారి లోపలికి వస్తానంటోంది. మీలో ఎవరు ముందు చెబితే వాళ్ల దగ్గరికే వస్తాం. పెద్దలు ముగ్గురు, పెద్ద టికెట్ పడే అమ్మాయి, 122 సెంటీమీటర్ల అబ్బాయి. దసరా సెలవుల్లో ఒక బుధవారం. సొంత బట్టలు, సొంత సద్ది, ఒక చిన్న లాకర్. మొత్తం ఎంతవుతుంది?

మీ జవాబు కోసం చూస్తూ,
సూర్యాపేట నుంచి ఒక లెక్కల టీచరు